దండలో ఒక పాట తక్కువ

మా గురువుగారు పోయారన్న కబురు నా దుకాణానికి టాంగా మీద వచ్చింది. పత్తర్‌గట్టిలో పొద్దున్నే తలుపులు సగం తెరిచి, ఒక దర్జీకి షేర్వానీ గుండీలు ఏరుతున్నాను. టాంగా ఆగింది. తోలేవాడు దిగలేదు. నెత్తిమీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకొని, "గుండీల్ సాబ్, ఆప్‌కే ఉస్తాద్ గుజర్ గయే" అన్నాడు. అని, గుర్రాన్ని అదిలించకుండా అలాగే కూర్చున్నాడు. నేను ఎక్కుతానని వాడికి తెలుసు. ఎక్కాను. ఆ తొందరలో తెల్ల షేర్వానీకి నల్ల గుండీలు పొట్లం కట్టి ఇచ్చానట. దర్జీ ఆ మాట నెల మాసికం దాటేదాకా నాతో అనలేదు. మా బజారు మర్యాద అలాంటిది.

పోయేటప్పుడు ఆయన బాధపడలేదు. పొద్దున చాయ్ అడిగారు. చాయ్ వచ్చేసరికి లేరు.

ఇది చదివేవాళ్లలో ఆయనను చూసినవాళ్లు తక్కువే ఉంటారు. ఆయనకు మఠం లేదు, పటం లేదు, పేరు వెనక బిరుదు లేదు. గల్లీవాళ్లకు ఆయన బంగాలీ సాబ్. మాకు గురువుగారు. ఆయన కట్టిన భక్తిపాటల సంపుటి ఒకటి ఉంది. అది అచ్చు కాలేదు, అసలు కాగితం మీదే లేదు. పాటలన్నీ బంగాళీలో ఉన్నాయి, బంగాళీ ఒక్క ముక్క రాని మనుషుల నోళ్లలో ఉన్నాయి. హుసేనీ ఆలంలో కొన్ని, దూద్‌బౌలిలో కొన్ని, కిషన్‌బాగ్‌లో ఒక బర్రెల కొట్టంలో ఒకటి. ఆ కొట్టంలోని పాట వినకుండానే ఆయన కన్ను మూస్తారేమోనని మేము ఒక వేసవంతా భయపడ్డాం. ఆయనను తలుచుకుంటే నాకు ముందుగా ఆ భయమే గుర్తుకు వస్తుంది.

అయితే ఆయన మా పట్నానికి ఎలా వచ్చారో ముందు చెప్పాలి. నా అలవాటు తెలిసినవాళ్లు ఏమీ అనుకోరు. నేను నా దుకాణం నుంచి చార్మినార్‌కు పోవాలన్నా అఫ్జల్‌గంజ్ చుట్టి పోయే మనిషిని.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో ఆయన పట్టుబట్టలకు వేసే రంగులు అమ్ముకోవడానికి వచ్చారు. రేకుపెట్టె నిండా చిన్న చిన్న పొట్లాలు. ఒక్కో గోరు ఒక్కో రంగులో ఉండేది. ఎండకు ఓర్చుకోలేక నా దుకాణం బల్ల మీద కూర్చునేవారు. అమ్మకం తక్కువ, కూనిరాగం ఎక్కువ. నేను ఆ రోజుల్లో పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకుంటున్నాను. మా మేనమామకు అఫ్జల్‌గంజ్‌లో కిరాణా ఉండేది. చింతపండు కట్టిన కాగితం, బెల్లం కట్టిన కాగితం, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. అందుకే ఈనాటికీ నాకు ఏ కథకూ మొదలు తెలియదు, ఏ వాదానికీ చివర తెలియదు. ఏం పాడుతున్నారని ఒకరోజు ఆయనను అడిగాను. అమ్మను పిలుస్తున్నానన్నారు. వస్తుందా అన్నాను. రాదని నీకు ఎవరు చెప్పారు అన్నారు. ఆ రోజు ఆయన పెట్టెలోంచి ఒక్క పొట్లమూ కదల్లేదు. నా గుండీలూ కదల్లేదు.

రంగుల వ్యాపారం మునిగింది. ఆయన వెనక్కి పోలేదు. హుసేనీ ఆలంలో మేడమీద ఒక గది తీసుకొని ఉండిపోయారు. ఎప్పుడు గురువయ్యారంటే చెప్పలేను. జ్వరం వచ్చిన రోజు మనకు గుర్తుంటుంది, తగ్గిన రోజు గుర్తుండదు. ఆయన దగ్గరికి పోవడం మాకు అలా అలవాటైంది. ఆయన మరమరాల్లో ఆవనూనె పోసుకొని, పచ్చిమిరపకాయ కొరుకుతూ తినేవారు. ఆ నూనె వాసనకు మెట్ల మీదినుంచే తిరిగి వెళ్లిపోయిన భక్తులున్నారు. మాలో మిగిలినవాళ్లం ఆ జల్లెడలో ఆగినవాళ్లం. ఎవరైనా కాళ్లకు మొక్కబోతే తాబేలులాగా పాదాలు లోపలికి లాక్కునేవారు. "కాళ్లల్ల ఏముంది బాబూ, దుమ్ముంది" అనేవారు.

ఇక పాటల సంగతి. ఆయన ఒక్కో పాట ఒక్కో మనిషికి ఇచ్చేవారు. ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఒక్కో పలుకూ నోటికి వచ్చేదాకా చెప్పించేవారు. వచ్చిందని నమ్మకం కుదిరాక ఆ పాటను ఆయన మళ్లీ పాడేవారు కాదు. ఇంకొకరు పాడకూడదు, రాసుకోకూడదు. "ఇచ్చిన పాట నాది కాదు" అనేవారు, బస్సులో సీటు వదిలి దిగిపోయినవాడంత తేలిగ్గా. అర్థం అడిగితే, "అర్థం వెనక వస్తది, ముందు నోరు తెరువు" అనేవారు. మాలో చాలామందికి అది వెనక కూడా రాలేదు. అయినా నోరు మాత్రం తెరుచుకుంది.

గురువారం దీపాలు పెట్టేవేళ అందరం ఆ గదిలో చేరేవాళ్లం. పాటలు ఇచ్చిన వరసలోనే, ఎవరి పాట వాళ్లు పాడాలి. ఆ వరసను ఆయన దండ అనేవారు. ఎవరైనా రాకపోతే వాళ్ల పాట పట్టేంతసేపూ అందరం కళ్లు మూసుకొని ఊరికే కూర్చునేవాళ్లం. తరువాత దాని పక్క పాట అందుకునేవాళ్లం. దండలో చివరి పాట నాది, అన్నిటికన్నా చిన్నది. నాలుగు పంక్తులు. నాకెందుకింత తక్కువ అని అడిగితే, "నీకు మాటలు ఎక్కువ బాబూ, పాట చిన్నది చాలు" అన్నారు. అది దీవెనో దెబ్బో ఇప్పటికీ తేల్చుకోలేదు.

దండకు నడిమి పాట కిషన్‌బాగ్ నుంచి పాలు తెచ్చి పోసే మనిషిది. మేమంతా అతన్ని పాల తమ్ముడు అనేవాళ్లం. అతను గురువుగారికి దగ్గరైన తీరే విచిత్రం. ఒకరోజు పాలు పోసి మెట్లు దిగబోతూ వెనక్కి చూశాడట. గురువుగారు మరుగుతున్న పాలలో నిమ్మకాయ పిండబోతున్నారు, వాళ్ల దేశం మిఠాయి చేసుకోవడానికి. బర్రెలు కాసే ఇంట్లో పాలు విరిగితేనే మనసు చివుక్కుమంటుంది. కావాలని విరగ్గొట్టే మనిషిని అతను పుట్టాక చూడలేదు. గబగబా వచ్చి గురువుగారి మణికట్టు పట్టుకున్నాడు. "పిచ్చిగిట్ల లేసిందా సాబ్?" అన్నాడు. గురువుగారు చెయ్యి విడిపించుకోలేదు. కూర్చోబెట్టి, విరిగిన పాలు ఏమవుతాయో చూపించి, ఆ మిఠాయి తినిపించి పంపించారు. ఆ తరువాత కొన్నాళ్లకు అతనికి ఒక పాట ఇచ్చారు. దాని మొదటి మాటలు "దోర్ ఖోలా, మా, ఏశో". తలుపు తీసే ఉంది అమ్మా, రా అని. మా అందరికీ అర్థం తెలిసిన పాట అదొక్కటే.

అతని పక్క పాట దఫ్తర్ పంతులుది. తరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు. ఈయన మాత్రం సర్కారు దఫ్తరులో పని. కోటు, టోపీ, ఉతికిన ధోవతి. దారిలో బర్రె తోక తగిలితే ఇంటికి తిరిగిపోయి స్నానం చేసి మళ్లీ బయలుదేరే మనిషి. చాపలు పరిచేదీ, దీపంలో నూనె చూసేదీ, రానివాళ్ల ఇళ్లకు పోయి క్షేమం కనుక్కొనేదీ ఆయనే. పంతులు లేకపోతే దండ ఏనాడో తెగేది. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే తరువాత రాసేది ఆయనకు నచ్చదు. ఆయన ఇది చదువుతారు కూడా.

నలభైల మొదట్లో ఒక గురువారం పాల తమ్ముడు మహా సంబరంగా వచ్చాడు. అతని కొట్టంలో ఈనిన బర్రెకు దుడ్డె చచ్చిపోయింది. దూడ పోయిన బర్రె ఎంత దువ్వినా పాలు దించదు. పాలు దించడాన్ని వాళ్లు చేపడం అంటారు. "సేపుతలేదు గురువుగారూ. ఏం జేసినా ఊహూ. నాకేం తోచక మీరిచ్చిన పాట అందుకున్న. ఏశో అనంగనే ధారలు కొట్టింది" అన్నాడు. మేమంతా నవ్వాం. గురువుగారూ నవ్వారు.

పంతులు నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"అమ్మవారి పాట గొడ్డుకు పాడినవా?"

"నా పాట పంతులూ. నా కొట్టంల పాడుకున్న."

"పేడల కూసొని పాడేటోనికి ఈ చాప మీద జాగ లేదు."

పాల తమ్ముడు పంతులును చూడలేదు. గురువుగారి వైపు చూశాడు. మేమూ ఆయన వైపే చూశాం. ఒక్క మాట చాలు. ఆయన తన గోళ్ల వైపు చూసుకుంటూ కూర్చున్నారు. పాల తమ్ముడు కండువా దులుపుకొని మెట్లు దిగిపోయాడు. మర్నాటినుంచి పాలు వేరే ఇంటినుంచి వచ్చాయి.

ఆ గురువారం నుంచి దండకు నడుమ మౌనం వచ్చి కూర్చుంది. ఏళ్లు గడిచాయి. గురువుగారు ఇంకా పాటలు ఇస్తూనే ఉన్నారు, దండ పెరుగుతూనే ఉంది, నడుమ ఆ ఖాళీ అలాగే ఉంది. ఆ మౌనం ముగియగానే పాడవలసింది పంతులు. ప్రతి వారం ఆయన గొంతు మొదట కొంచెం బొంగురుగా వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదేమీ తెలియదు. దండ మొత్తంలో ఆ మౌనమే గొప్పదని కొందరు కళ్లు తుడుచుకుంటూ చెప్పేవాళ్లు. దాని మీద ఒకాయన నాకు పెద్ద వ్యాఖ్యానం కూడా వినిపించాడు, చేతిలో షర్టు గుండీలు పట్టుకొని. గురువుగారు ఏమీ అనేవారు కాదు.

ఇక నలభై ఎనిమిది వేసవి. ఆ వేసవిలో పట్నం ఎలా ఉండిందో ఉన్నవాళ్లకు తెలుసు. పొద్దున తెరిచిన దుకాణం మధ్యాహ్నానికి ఎందుకు మూశామో మాకే తెలిసేది కాదు. ఎవరో పరుగెత్తితే చాలు, పత్తర్‌గట్టి పొడుగునా తలుపులు పడేవి. అప్పటిదాకా ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు కూడా ఒకళ్ల మొహం ఒకళ్లు కొంచెం ఎక్కువసేపు చూసి మాట్లాడేవాళ్లు. ఇల్లు సర్దుకొని ఊళ్లకు పోయేవాళ్లు పోతున్నారు. సరిగ్గా అప్పుడే గురువుగారికి ఆయాసం ముదిరింది. దిండ్లకు ఆనుకుంటే తప్ప కూర్చోలేరు. హకీం సాబ్ నాడి చూసి, కిందికి దిగి, గుండెలో బలం లేదు, మెట్లు దిగనివ్వకండి అని మాకు చెప్పి పోయాడు.

ఒక మధ్యాహ్నం మరమరాలు పక్కన పెట్టి గురువుగారు నాతో అన్నారు. "ఒక్కసారి మొత్తం వినాలె బాబూ. ముక్కలు ముక్కలు ఇచ్చిన. మొత్తం ఎట్లుంటదో నాకే తెల్వదు."

నిజమే. చివరి పాటలు పుట్టేనాటికి నడిమి పాట వెళ్లిపోయింది. తను కట్టిన దండను ఆయన ఒక్కనాడూ పూర్తిగా వినలేదు.

ఈ మాట పంతులుకు చెప్పాను. పంతులు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని వాళ్లింట్లోవాళ్లు అన్నారు. మూడోనాడు గురువారం. ఆ రోజు మౌనం రావలసిన చోట, వెనక వరసలోంచి ఒక కుర్రగొంతు "దోర్ ఖోలా" అని ఎత్తుకుంది. పంతులు నేర్పి చేసిన ఏర్పాటు. ఆ పాట మాలో పాతవాళ్లందరికీ వచ్చు. ఏళ్లపాటు చెవులారా విన్నదే. మంచి గొంతు కూడా. గురువుగారు చెయ్యి ఎత్తారు. పాట ఆగింది. దిండు లేకుండా కూర్చోలేని మనిషి మంచం మీదినుంచి కాళ్లు కింద పెట్టారు. గోడ పట్టుకొని లేవబోయారు. బయటికి పోవడానికి. ఆ గది ఆయనదే, ఎక్కడికి పోతారు? పంతులు వెళ్లి ఆ పాదాలు పట్టుకున్నాడు. గురువుగారు పాదాలు లాక్కోలేదు. లాక్కునే శక్తి లేదని మాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు మిగతా పాటలు ఎవరమూ పాడలేదు.

మర్నాడు పంతులు నా దుకాణానికి వచ్చి గుండీల డబ్బా మూత తీస్తూ, పెడుతూ చాలాసేపు నిలబడ్డాడు. "నేను పోతే వాడు మొహం మీద తలుపేస్తడు. నువ్వు పోయిరా. నా పేరెత్తకు" అన్నాడు. నేను పోయాను.

పాల తమ్ముడు కొట్టంలో తాళ్లు పేనుతున్నాడు. గుమ్మం పక్కన మూటలు కట్టి ఉన్నాయి. పున్నమ దాటగానే బర్రెలను తోలుకొని అత్తగారి ఊరికి పోతున్నానని చెప్పాడు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, నా పిల్లల క్షేమం అడిగాడు. గురువుగారి మాట ఎత్తగానే తాడు పేనడం ఆపాడు.

"మంచాన పడ్డడు తమ్మీ. దినాలు లెక్కవెడుతున్నం. ఒక్కసారి దండ మొత్తం వినాలె అంటున్నడు."

అతను సగం పేనిన తాడు విప్పేశాడు. బర్రెలు నెమరేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న పిలిచిండా అన్నా? నా పాట కాడికి రాంగనే మీరంత కండ్లు మూసుకొని కూసుంటరట గద. సచ్చినోనికి కూసున్నట్టు. నేను బతికే ఉన్న. గీ సందుల బతికే ఉన్న. ఒక్కడు రాలే."

నేను చల్లారిన చాయ్ ఎత్తి తాగాను. నాకు జవాబు లేకపోవడం అరుదు. అతను కూడా అది గమనించాడనుకుంటాను. కొంచెం మెత్తబడి, పొద్దుమీకి ఎట్లా రావాలి, పాలు పిండేది నేను, పాట పాడకుంటే ఇప్పుడు కొట్టంలో ఏ బర్రే చేపదు అన్నాడు. మళ్లీ ఏదో గుర్తుకొచ్చి మొహం గట్టిపడింది. "పంతులు అన్నడు గద, గొడ్డుకు పాడినవని. గా గొడ్డు కాడికే రమ్మను. మీ చాప కాడికి నేను రాను."

తిరిగి వచ్చి గురువుగారికి చెప్పాను. తీపి చేసి చెబుదామని దారంతా అనుకున్నాను గానీ ఆయన కళ్లలోకి చూస్తే అది కుదిరే పని కాదు. ఉన్నదున్నట్టు చెప్పాను, చచ్చినవాడికి కూర్చున్నట్టు కూర్చుంటారట అన్న మాటతో సహా. పంతులు గుమ్మంలో నిలబడి విన్నాడు.

గురువుగారు కళ్లు మూసుకున్నారు. ఊపిరి కూడదీసుకొని, ఆగి ఆగి మాట్లాడారు.

"తప్పు నాది బాబూ. ఆ రోజు ఒక్క మాట అనాలె. అనలే. వాడే వస్తడు అనుకున్న. రాకపోతే నాకు గుస్సా. రోజూ చుప్ కూసున్న. మీరు అందరూ నా గుస్సాకి దండం పెట్టిండ్రు."

ఏళ్లుగా మేము తలలు వంచింది ఒక ముసలాయన పంతానికి. నాకు వ్యాఖ్యానం వినిపించిన ఆయన అక్కడే ఉన్నాడు. అతని వైపు చూడకుండా ఉండడానికి నేను చాలా కష్టపడ్డాను.

పంతులు ఏదో అనబోయాడు. గురువుగారు చెయ్యి అడ్డం పెట్టి నన్ను అడిగారు. "గొడ్డు కాడికి రమ్మన్నడా?"

"ఎత్తిపొడుపుకు అన్నడు గురువుగారూ."

"రమ్మన్నడు గద. పిలిచిండు. పోదాం."

హకీం సాబ్ విని మండిపడ్డాడు. దారిలోనే ప్రాణం పోతుంది, పోతే ఆ పాపం నా మెడకు చుట్టకండి అన్నాడు. ఇంట్లో ఉంటే ఎన్నాళ్లు ఉంటానని గురువుగారు ఆయనను అడిగారు. హకీం సాబ్ అబద్ధం ఆడని మనిషి. సంచీ సర్దుకొని, పైన కప్పడానికి తన శాలువా ఇచ్చి వెళ్లిపోయాడు.

పున్నమకు ముందురోజు బయలుదేరాం. గుంపుగా పోతే చూసేవాళ్లకు అనుమానం, మాకు ప్రమాదం. అందుకని దండలో పాట ఉన్నవాళ్లంతా ఇద్దరిద్దరుగా, వేరు వేరు గల్లీల్లోంచి కిషన్‌బాగ్ చేరాలని పంతులు ఏర్పాటు చేశాడు. ఎవరైనా ఒకరు చేరకపోతే దండ మళ్లీ తెగుతుంది. గురువుగారిని చాపలో పడుకోబెట్టి మెట్లు దించి టాంగాలో కూర్చోబెట్టాం. ఒక పక్క నేను, ఒక పక్క పంతులు. ముందు పరదా. టాంగావాలా మా గల్లీవాడే. సవారీ ఎక్కడికని కూడా అడగలేదు.

దూద్‌బౌలి దగ్గర రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మలుపు తిరగగానే కర్రలు పట్టుకున్న కొందరు అడ్డం వచ్చారు. గుర్రం ఆగింది. నా చెయ్యి గురువుగారి చేతిలో ఉంది. లోపల ఎవరని అడిగారు. టాంగావాలా ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మేరే ఉస్తాద్ హై భాయ్. బీమార్ హై" అన్నాడు, తన గురువే, జబ్బు మనిషి అని.

ఒకడు పరదా తొలగించి చూశాడు. మా పంతులు మొహంలో నెత్తురు లేదు. గురువుగారు ఊపిరి అందక నోరు తెరిచి ఉన్నారు. అయినా చెయ్యి నుదుటిదాకా ఎత్తి సలాం చేశారు. ఆ మనిషి ఆయనను కాసేపు చూశాడు. పరదా తనే సర్దాడు. ముందు గుంత ఉంది, మెల్లగా తోలమని టాంగావాలాకు చెప్పాడు.

కిషన్‌బాగ్ చేరాక సందు ఇరుకైంది, టాంగా తిరగదు. నేల మీద పేడ, నీళ్లు, గడ్డి కలిసిన జారుడు. నేను చాప కోసం వెతుకుతుంటే పంతులు కోటు విప్పి నా చేతికి ఇచ్చాడు. టోపీ ఇవ్వడం మరచిపోయాడు. గురువుగారిని వీపు మీదికి ఎక్కించుకొని ఆ సందులోకి దిగాడు. చెప్పులు మొదటి అడుగులోనే పోయాయి. ఆయన వాటి కోసం వంగలేదు. ఎదురుగా ఒక బర్రె వచ్చింది. గోడకు ఒత్తుకొని దాన్ని పోనిచ్చాడు. దాని ఒళ్లంతా ఆయన ఒంటికి రాసుకుంటూ పోయింది. వెనక నడుస్తున్నవాణ్ణి, నాకు ఆయన మొహం కనిపించలేదు. మెడ మీద ఆనిన గురువుగారి చెంప మాత్రం కనిపించింది.

కొట్టం గుమ్మంలో పాల తమ్ముడు మమ్మల్ని చూసి చేతిలోని చెంబుతో అలాగే నిలబడిపోయాడు. తను ఎత్తిపొడిచిన మాటను ఇలా వీపున మోసుకొస్తారని అతను అనుకోలేదు. చివరికి పంతులే అడిగాడు. "యాడ కూసోవాలె?"

పాల తమ్ముడు గురువుగారిని దింపుకొని, గడ్డి పరిచి, మూటలకు ఆనించి కూర్చోబెట్టాడు. తరువాత పంతులుకు ఒక తట్ట బోర్లించి చూపించాడు. సరిగ్గా ఒక బర్రె తోక కింద. కొట్టంలో ఇంకా చాలా చోటు ఉంది. పంతులు పోయి అక్కడే కూర్చున్నాడు.

ఇద్దరిద్దరుగా అందరూ వచ్చారు. గల్లీలో జత తప్పిన రెండో పాట ముసలమ్మ మాత్రం ఇంకా రాలేదు. పొద్దు వాలుతోంది, దుడ్డెలు అరుస్తున్నాయి, గురువుగారి ఊపిరి గీరుకుంటూ వస్తోంది. పాలు పిండే వేళ దాటితే బర్రెలు ఆగవు. వీధి తలుపు దగ్గర అడుగుల చప్పుడైన ప్రతిసారీ అందరం తలలు తిప్పాం. ముసలమ్మ చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది. రెండు గల్లీలు మూసేస్తే గోడ దూకి వచ్చిందట. ఎట్లా దూకావని ఎవరో అడిగితే, "దూకిన, గంతే" అని కూర్చుంది.

దండ మొదలైంది. ఒకటి, రెండు, మూడు. గొంతులు పీలగా ఉన్నాయి. నడిమి పాట వచ్చింది.

పాల తమ్ముడు చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకొని పొదుగు కింద కూర్చున్నాడు. కొత్త మనుషులను చూసి బర్రె బిగుసుకుపోయింది. అతను కూడా. నోరు తెరిచాడు, మాట రాలేదు. గొడ్ల ముందు తప్ప ఇన్నేళ్లలో ఎవరి ముందూ పాడలేదు కదా. మళ్లీ ప్రయత్నించాడు. గొంతులో ఏదో తెగినట్టు శబ్దం వచ్చి ఆగింది. మేము అలవాటుకొద్దీ కళ్లు మూసుకోబోయాం. గురువుగారు, "కండ్లు తెరువుండ్రి" అన్నారు. మళ్లీ అతనితో, మెల్లగా, "ఎంతసేపైనా సరే బాబూ. నేను ఉన్న" అన్నారు.

పాల తమ్ముడు మా అందరికీ వీపు తిప్పాడు. నుదురు బర్రె డొక్కకు ఆనించాడు. దోర్ ఖోలా, మా, ఏశో.

బంగాళీ మాటలకు కిషన్‌బాగ్ యాస. ఆ పాటను నేను ఏళ్ల కిందట విన్నాను, మంచి పాటే అనుకున్నాను. కానీ అది ఇలా రోజూ పనిచేసే పాట అని అప్పుడు తెలియదు. రెండో పంక్తికి బర్రె ఒళ్లు వదులైంది. మొదటి ధార చెంబు అడుగున మోగింది. తరువాత పాట ఒక పక్క, ధార ఒక పక్క. గురువుగారు మెడ ముందుకు చాచి వింటున్నారు. పాట అయిపోయింది, ధార ఆగలేదు.

ఇప్పుడు పంతులు వంతు. ఆయన నోరు తెరిచాడో లేదో తోక వచ్చి టోపీని పేడలో పడగొట్టింది. ఎవరూ నవ్వలేదు. పంతులు టోపీ వైపు చూడను కూడా చూడలేదు. పాడాడు. ఆ రోజు ఆయన గొంతు మొదట్లో బొంగురుపోలేదు. పాల తమ్ముడు చెయ్యి ఆపి, వెనక్కి తిరగకుండానే, ఆ పాట అయ్యేదాకా ఒక చేత్తో ఆ తోక పట్టుకొని కూర్చున్నాడు.

మిగతా పాటలు వరసగా వచ్చాయి. చివరికి నావి నాలుగు పంక్తులు. నేను వాటిని అంత నెమ్మదిగా ఎప్పుడూ పాడలేదు. గురువుగారు మా ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చారు, ఎవరో కట్టిన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టినవాడిలాగా. "ఇట్లుంటదా" అన్నారు. బాగుందని అనలేదు.

హకీం సాబ్ మాట తప్పింది. గురువుగారు ఆ వానాకాలం చూశారు, చలికాలం కూడా చాలావరకు చూశారు. పాల తమ్ముడు ఊరికి పోలేదు. ఆ సంగతులు ఇంకెక్కడైనా చెప్పుకోవచ్చు. నాకు ఆయన ఆ సాయంత్రంలోనే ఉన్నారు. పాల తమ్ముడు చెంబు వంచి ఇత్తడి గ్లాసు నింపాడు. ఒక చేత్తో గురువుగారి తల పట్టుకొని, ఇంకో చేత్తో గ్లాసు పెదవులకు అందించాడు. ఆయన సగం తాగి ఆగారు. తెల్లటి మీసం మీద పాలనురగ నిలిచింది. ఆయన తుడుచుకోలేదు, మేమూ తుడవలేదు. గుమ్మంలోంచి వస్తున్న చివరి వెలుతురులో ఆ బుడగలు ఒక్కొక్కటే చిట్లుతూ ఉంటే, అందరం చూస్తూ కూర్చున్నాం.